మా రక్తం తీసుకెళ్లారు, లెక్క చెప్పడానికి ఎప్పుడొస్తారు?

రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

ఉద్దానం నుంచి ఒక రిటైర్డ్ సైన్సు మాస్టారు నమస్కరించి రాస్తున్న లేఖ.

అయ్యా,

ఇది నేను రాస్తున్న అయిదో కాగితం. మొదటి రెండూ సోమవారం గ్రీవెన్స్‌లో స్వయంగా ఇచ్చాను. మూడోది రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. నాలుగోదానికి మాత్రం ఫోనుకు మెసేజ్ వచ్చింది, 'మీ అర్జీ పరిష్కరించబడింది' అని. ఏం పరిష్కరించారో తెలుసుకుందామని మూడు రోజులు ఫోన్ చేస్తూనే ఉన్నాను, ఎవరూ ఎత్తలేదు. మీ మీద కోపంతో బహిరంగంగా రాస్తున్నానని అనుకోకండి. ఇంకో దారి కనపడలేదు.

కారణం తేలని కిడ్నీ జబ్బుతో ఏళ్ల తరబడి మనుషుల్ని పోగొట్టుకుంటున్న మా ఉద్దానం సంగతి మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. 2023 డిసెంబరులో తెరిచిన పలాస కిడ్నీ ఆసుపత్రి, డయాలసిస్ సెంటర్లు, హిరమండలం నుంచి వచ్చే వంశధార నీళ్లు, రోగుల పింఛన్లు, అన్నీ మీ బల్ల మీదున్న ఫైళ్లే. అవి వచ్చినందుకు మా ఊళ్లలో దండం పెట్టని ఇల్లు లేదు. నేను అడిగేది వేరు. మా ఒంట్లోంచి, మా నూతుల్లోంచి, మా పొలాల్లోంచి తీసుకెళ్లిన శాంపిళ్లలో ఏం తేలిందో మాకు తెలుగులో చెప్పించండి. అంతే.

ఇరవై ఏళ్లకు పైగా పరిశోధకులు వస్తూనే ఉన్నారు. రాష్ట్రం వాళ్లొచ్చారు, ఢిల్లీ వాళ్లొచ్చారు, విదేశాల వాళ్లొచ్చారు. నేను పనిచేసిన బడి వరండాలోనే ఆరుసార్లు క్యాంపు పెట్టారు. ఆరుసార్లూ బెంచీలు వేయించింది నేనే, ఇంటింటికీ వెళ్లి 'రండి, భయం లేదు, మన మంచికే' అని పిలుచుకొచ్చిందీ నేనే. వరసలో కూర్చోబెడతారు. ఇంగ్లీషులో ఉన్న ఫారం మీద వేలిముద్ర వేయిస్తారు. చేతికి రబ్బరు ట్యూబు కట్టి రక్తం తీసి, సీసా మీద నంబరు స్టిక్కరు అంటించి, అదే నంబరు చీటీ మీద రాసిస్తారు. పొద్దుగూకేసరికి ఐస్ పెట్టెలు జీపెక్కుతాయి. మర్నాడు వరండాలో దూది ముక్కలు ఊడ్చుకోవడం మా వంతు.

ఆఖరి క్యాంపులో వచ్చిన పెద్దాయన మైకు పట్టుకుని, 'మూడు నెలల్లో ఫలితాలతో మళ్లీ వస్తాం, గ్రామసభ పెట్టి అందరికీ వివరిస్తాం' అన్నారు. చప్పట్లు కొట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. మూడేళ్లు దాటింది.

మా వీధి చివర ఒక మామ్మ ఉండేది. జీడిపిక్కలు కొట్టి కొట్టి వేళ్లు నల్లబడిపోయిన మనిషి. భర్తను ఈ జబ్బుకే పోగొట్టుకుంది, తర్వాత పెద్ద కొడుకునీ. ఆ రోజు ఇచ్చిన నంబరు చీటీని పోపుల పెట్టెలో దాచుకుంది. నేను కనిపించినప్పుడల్లా ఒకటే ప్రశ్న: "మాస్టారూ, నా నంబరొచ్చిందేటండీ?" పదో తరగతి రిజల్ట్ అడిగినట్టే అడిగేది. వస్తుందమ్మా, వస్తుందమ్మా అని ఎన్నిసార్లు చెప్పానో. ఆమె కిందటేడు పోయింది. కోడలు ఆ చీటీ తెచ్చి నా చేతిలో పెట్టింది. పసుపు అంటుకుని సగం అంకెలు కనపడడం లేదు. ఇది ఎవరికివ్వాలో నాకు తెలియదు. మీకు తెలిస్తే చెప్పండి.

మీరు చెప్పకపోతే ఊరు ఊరికే ఉండదు కదా అయ్యా. ఎవరికి తోచింది వాళ్లు చెబుతారు. నేలలో విషముందని ఒకరు, కొబ్బరితోటలకు కొట్టే మందని ఇంకొకరు, అమ్మవారి కోపమని మరొకరు. ఒకాయన తాతల నాటి నుయ్యి పూడ్చేశాడు. ఆ నూతి నీళ్లు పరీక్షకు పట్టుకెళ్లిన మాట నిజమే, చెడ్డవని ఎవరూ చెప్పలేదు, మంచివనీ చెప్పలేదు. వారం వారం ఒకడు మోటారుసైకిలు మీద వచ్చి కిడ్నీ బాగుచేస్తానని పసరు మందు అమ్ముకుపోతాడు. అతనిది మన తెలుగే, మనకు అర్థమయ్యే మాటే. అరుగు మీద కూర్చుని గంటసేపు ఓపిగ్గా చెబుతాడు. కొన్ని పసర్లు కిడ్నీలనే దెబ్బతీస్తాయని చెప్పాల్సినవాళ్లేమో ఒక్క గంట కూడా కూర్చోలేదు.

అన్నిటికన్నా నన్ను నిద్రపోనివ్వనిది ఇంకొకటుంది. దయచేసి ఈ భాగం రెండుసార్లు చదవండి.

నా దగ్గర చదువుకున్న కుర్రాడు ఒకడు కొబ్బరికాయలు దింపే పనికి వెళ్తాడు. వాళ్లన్నయ్య డయాలసిస్ మీద ఉన్నాడు. మూత్రం సరిగా రాదు కాబట్టి డాక్టర్లు అతనికి నీళ్లు కొలిచి తాగమన్నారు. అది సరైన సలహా, ఆ దశలో ఉన్న రోగికి. తమ్ముడు దాన్ని ఇంకోలా అర్థం చేసుకున్నాడు. నీళ్లు ఎక్కువ తాగితే కిడ్నీ పోతుంది కాబోలు అనుకున్నాడు. పైగా మన నీళ్లలోనే ఏదో ఉందని అందరూ అంటున్నారాయె. ఏప్రిల్ ఎండలో పొద్దున ఏడింటి నుంచి మధ్యాహ్నం దాకా చెట్లెక్కి దిగుతూ ఒక్క అరలీటరు సీసాతో సరిపెట్టుకుంటున్నాడు. చొక్కా మీద చెమట ఎండి తెల్లటి ఉప్పు చారలు కట్టింది. రాత్రికి ఒళ్లు నొప్పులని కొట్లో మాత్ర కొని వేసుకుంటాడు. వారానికి నాలుగైదు. నేను అడిగితే, "అన్నయ్యకి డాక్టరు గారే చెప్పారండీ మాస్టారూ, నీళ్లు తగ్గించమని" అన్నాడు.

అయ్యా, ఎల్ సాల్వడార్‌లో, నికరాగువాలో చెరకు కోసే కూలీలకు మా జబ్బులాంటిదే వస్తోంది. షుగరూ బీపీ లేకుండానే కిడ్నీలు పోతున్నాయి. మండుటెండలో కష్టం, తగినన్ని నీళ్లు తాగకపోవడం అందుకు ఒక ముఖ్య కారణం కావచ్చని అక్కడి పరిశోధనలు చెబుతున్నాయి. నొప్పి మాత్రలు అతిగా వాడితే కిడ్నీకి చేటని వైద్యం చదివిన ప్రతివారికీ తెలుసు. శ్రీలంకలో అనురాధపురం వైపు వరి రైతులకూ ఇలాంటి జబ్బే ఉంది. అక్కడ నీటి మీద, పురుగుమందుల మీద అనుమానం. మా దగ్గర నీరు, నేల, ఎండ, మందులు, వంశం అన్నిటి మీదా అనుమానమే. ఇదీ అని ఒక్క కారణం తేలలేదు. నాకు ఇంగ్లీషు వచ్చు కాబట్టి ఇంత చదివి తెలుసుకున్నాను. ఆ కుర్రాడికి ఎవరు చెప్పాలి? తేలలేదు అన్న మాటైనా ఒక మనిషి మా ఊరొచ్చి చెప్పాలి కదా. 'ఇంకా తేలలేదు, తేలేదాకా ఎండలో పనిచేసేవాళ్లు నీళ్లు మానకండి, నొప్పి మాత్రలు ఇష్టమొచ్చినట్టు మింగకండి, మూత్రం తగ్గిన రోగి సంగతి వేరు' అని చెప్పడానికి పది నిమిషాలు చాలు. ఆ పది నిమిషాలు లేకే ఒక ఆరోగ్యవంతుడు రోగి పథ్యం చేస్తున్నాడు.

క్రియాటినిన్ అనే మాట మా ఊళ్లో చిన్నపిల్లలకూ వచ్చు. రోడ్డు మీద ఎదురుపడితే 'నీకెంతుంది' అని అడుగుతారు. అంకె నోటికొచ్చు, అర్థం రాదు. అది కండరాల్లో పుట్టే వ్యర్థమని, కిడ్నీ దాన్ని బయటికి పంపుతుందని, దాదాపు సగం కిడ్నీ పని పోయేదాకా రక్తంలో ఆ అంకె పెద్దగా పెరగకపోవచ్చని ఎవరూ చెప్పలేదు. 1.1 వచ్చిందని కొబ్బరికాయ కొట్టి, మళ్లీ నాలుగేళ్లు పరీక్షకు వెళ్లనివాళ్లు ఉన్నారు. తర్వాత వెళ్లేసరికి 6 దాటింది.

పల్లెటూరి వాళ్లకు సైన్సు చెబితే ఎక్కదని ఒక ఆఫీసులో నా మొహం మీదే అన్నారు. అది నిజం కాదని నేను కళ్లతో చూశాను. రిటైరయ్యే ముందు ఏడాది ఫిబ్రవరి 28న, సైన్స్ డే నాడు, తొమ్మిదో తరగతి పిల్లలతో ఒక ప్రయోగం చేయించి తల్లులను పిలిచాను. చిల్లులు పెట్టిన ప్లాస్టిక్ టబ్బు ఒకటి, అడుగున పది చిల్లులకూ పది టీ వడకట్టే జాలీలు. పైనుంచి ఒక కుర్రాడు చెంబుతో బురద నీళ్లు పోస్తుంటాడు, కింద గిన్నెలో వడకట్టిన నీళ్లు పడుతుంటాయి. ఒక అమ్మాయి జాలీలను మైనంతో ఒక్కొక్కటే మూసేస్తూ వచ్చింది. ఒకటి, రెండు, మూడు మూసినా ఎవరికీ తేడా తెలియలేదు. అయిదు మూసినా టబ్బు నిండలేదు. ఏడోది మూసేసరికి బురద నీళ్లు అంచు దాటి పొంగి ఆ అమ్మాయి లంగా తడిసింది. ఒక్కో కిడ్నీలో ఇలాంటి జాలీలు దాదాపు 10 లక్షలు ఉంటాయమ్మా, వాటిని నెఫ్రాన్లంటారు అని చెప్పాను. వెనక వరసలో నిలబడ్డ ఆ మామ్మే, పోపుల పెట్టె మామ్మ, గట్టిగా అంది: "అయితే నొప్పి నేదని ఊరుకోకూడదన్నమాట!"

నేను 31 ఏళ్లు పాఠాలు చెప్పాను. అంత త్వరగా పాఠం అందుకున్న విద్యార్థి నాకు దొరకలేదు. ఆ ప్రయోగానికి అయిన ఖర్చు మూడు వందల లోపు. ఆ వారంలో మా వీధి నుంచి పద్నాలుగు మంది పరీక్షకు వెళ్లారు.

ఇలాంటివి ఊరూరా చేయిస్తామని, టీచర్లకూ ఆశా కార్యకర్తలకూ శిక్షణ ఇస్తామని అప్పుడు అధికారులు నాతో అన్నారు. నా పేరు రాసుకున్నారు, ఫోన్ నంబరు రాసుకున్నారు, టబ్బును ఫొటో తీసుకున్నారు. ఆ శిక్షణ ఇప్పటికీ జరగలేదు.

ఇంకో మాట. మా ఆడపిల్లలకు, మగపిల్లలకు సంబంధాలు రావడం కష్టమైపోయింది. ఉద్దానమా అని వెనక్కి తిరిగిపోతున్నారు. ఇది అంటుకునే జబ్బు కాదని, కంచం పంచుకుంటే రాదని చెప్పే బోర్డు మా ఊరి బస్టాపులో ఒక్కటి కూడా లేదు. పథకాల ఫ్లెక్సీలు ఆరున్నాయి.

శాస్త్రీయ దృక్పథం పెంపొందించుకోవడం పౌరుడి బాధ్యత అని రాజ్యాంగం 51ఎ అధికరణం చెబుతోంది. ప్రతి ఏడాదీ పిల్లలతో చదివించాను. ఆ బాధ్యత మేం కాదనడం లేదు. చెయ్యి చాచి రక్తమిచ్చాం, ఒకసారి కాదు, ఆరుసార్లు. నూతి నీళ్లిచ్చాం, మట్టి ఇచ్చాం, బియ్యం ఇచ్చాం, కొబ్బరినీళ్లు కూడా సీసాల్లో పోసిచ్చాం. సైన్సుకు మా ఊళ్లు చేయగలిగిందంతా చేశాయి. సైన్సు తిరిగి మా ఊరు రావాలి. దానికి మీరు ఒక్క ఆర్డరు వేయాలి: శాంపిలు తీసుకున్న ప్రతివారూ ఏం తేలిందో, ఏం తేలలేదో ఆ ఊళ్లోనే, తెలుగులో చెప్పాకే మరో శాంపిలు తీయాలని. పరీక్ష చేసిన ప్రతి నూతి దగ్గర ఫలితం, తేదీ రాసిన పలక పెట్టాలని. ఇంకా ఎన్నో అడగాలని ఉంది కానీ ముందు ఇది చేయండి. వచ్చి చెప్పండి. మంచి వార్త అయితేనే రావాలని లేదు. ఏ వార్తయినా వచ్చి చెప్పండి.

పెద్ద సభ అక్కర్లేదు. దండలు, శాలువాలు అక్కర్లేదు. ఏ ఆదివారమైనా సాయంత్రం నాలుగు దాటాక రండి, అప్పటికి తోటల పనుల నుంచి అందరూ ఇళ్లకొస్తారు. బడి వరండా తాళంచెవి అడిగి ఉంచుతాను. రామమందిరం మైకు ఉంది. బెంచీలు ఎప్పటిలాగే నేను వేయిస్తాను, ఇంటింటికీ వెళ్లి నేనే పిలుచుకొస్తాను. మామ్మ చీటీ నా చొక్కా జేబులో పెట్టుకుని ముందు వరసలో కూర్చుంటాను. మీరు రాలేకపోతే ఆ అంకెల అర్థం తెలిసిన ఒక్క మనిషిని పంపండి.

ఇట్లు,
మీ సమాధానం కోసం ఎదురుచూస్తూ,
ఒక రిటైర్డ్ సైన్సు ఉపాధ్యాయుడు,
కవిటి మండలం, శ్రీకాకుళం జిల్లా