బొమ్మ కొన్నాం సరే, చూసినదానికి కూలి ఎవరిస్తారు?

గౌరవనీయులైన రాష్ట్ర పర్యాటక శాఖ మంత్రి గారికి,

నమస్కారం. విజయవాడ సత్యనారాయణపురంలో ముప్ఫై ఏళ్లుగా ఉంటున్నాను. ఇంటికి చుట్టాలు వస్తే అమ్మవారి దర్శనం చేయించి, సాయంత్రం బ్యారేజీ మీద గాలి పోయించి, వెళ్లేటప్పుడు లేపాక్షి హస్తకళల దుకాణంలో కొన్న కొండపల్లి బొమ్మ చేతిలో పెట్టి పంపడం నా అలవాటు. పోయిన దసరా సెలవులకు పూణే నుంచి వచ్చిన మేనల్లుడు మాత్రం ఒప్పుకోలేదు. "బొమ్మ సరే మామయ్యా, చేసేవాళ్లను చూడాలి" అన్నాడు.

కొండపల్లి ఇరవై కిలోమీటర్ల దూరమే కదా అని బయలుదేరాం. థర్మల్ కేంద్రం గొట్టాలు దాటి ఊళ్లోకి వెళ్లగానే డ్రైవరు ఒక దుకాణం ముందు ఆపాడు. చెక్క బొమ్మల పక్కనే ప్లాస్టిక్ బొమ్మలు కూడా వేలాడుతున్నాయి. ఎక్కడ చేస్తారని అడిగితే, "చేసేది చూడటానికేముందండీ, ఇవి తీసుకోండి" అన్నారు. బొమ్మలు అమ్మే చోటికి దారి అందరూ చూపించారు. చేసే ఇంటికి మాత్రం అడుగుతూ అడుగుతూ మేమే వెతుక్కున్నాం.

ఒక అరుగు మీద ఉలితో కూర్చున్న పెద్దాయన మమ్మల్ని లోపలికి పిలిచారు. తెల్లపొణికి కర్ర చేతిలో పెడితే మావాడు నమ్మలేదు, బెండులా అంత తేలిక. ఏనుగును ఒకే దుంగలో చెక్కుతారనుకున్నాను ఇన్నేళ్లూ! తొండం, కాళ్లు, అంబారీ దేనికది విడిగా చెక్కి, చింతగింజల పొడి, రంపపుపొట్టు కలిపి చేసిన మక్కుతో అతికిస్తారట. దాని మీద సుద్ద పూత. అది ఆరాక రంగు. రంగు వేస్తున్న ఆయన కోడలు మేకవెంట్రుకల కుంచెతో ఒక్క గీతలో కనుబొమ్మ దిద్దేసరికి, అంతవరకు చెక్కగా ఉన్నది మనిషిలా మా వంక చూసింది. మావాడు ఫోను జేబులో పెట్టేసి ఆమె పక్కనే చతికిలబడ్డాడు.

రెండు గంటలు కూర్చున్నాం. ఆ రెండు గంటలూ ఆయన ఉలి ఆగుతూనే ఉంది, మా ప్రశ్నలు అలాంటివి. లేచేటప్పుడు డబ్బు ఇవ్వబోతే నొచ్చుకున్నారు. తాటిచెట్టెక్కే గీత కార్మికుడి బొమ్మ ఒకటి కొని బయటపడ్డాం. దారిలో లెక్క వేసుకుంటే నాకే సిగ్గనిపించింది. మ్యూజియంలో పాత విగ్రహాలు చూడటానికి టికెట్ కొంటాం. బతికున్న పనివాడి సగం పూట మాత్రం ఉచితంగా తీసుకుంటాం.

నా విన్నపం ఇదే. ఇష్టపడిన పనివారి ఇళ్లను గుర్తించి, వారు కుదురుతుందన్న వేళల్లోనే సందర్శకులను పంపే ఏర్పాటు చేయండి. చూసినందుకు రుసుము పెట్టండి, అది నేరుగా ఆ ఇంటికే చేరాలి. పిల్లలు ఒక చిన్న బొమ్మకు రంగు వేసుకుంటామంటే దానికి వేరే ధర. మంగళగిరిలో గుంటమగ్గాల మీద నేసే వారికీ, పల్నాడులో దుర్గి రాతిశిల్పులకూ ఇదే పద్ధతి పనికొస్తుంది. దయచేసి కోట్లు పోసి మరో స్వాగత తోరణం మాత్రం కట్టకండి. ఊరి మొదట్లో 'బొమ్మలు చేసే ఇళ్లు ఇటు' అని ఒక బాణం గుర్తు వేయిస్తే చాలు.

ఇంకొకటి. చుట్టుపక్కల కొండల్లో తెల్లపొణికి తగ్గిపోయిందని పెద్దాయన చెప్పారు. కర్ర లేకపోతే చూపించడానికి పని ఉండదు. అడవులు మీ శాఖ కాదని తెలుసు. కానీ మంత్రివర్గ సమావేశంలో ఆ శాఖ వారు మీకు ఎదురుగానే కూర్చుంటారు కదా, ఆ చెట్ల పెంపకం మాట ఒకసారి కదపండి.

వచ్చే దసరాకు మావాడు స్నేహితులను కూడా తెస్తానంటున్నాడు. ఈసారి ఆ పెద్దాయన నొచ్చుకోకుండా తీసుకునేలా, ఎంత ఇవ్వాలో ఆ అరుగు మీద బోర్డు రాసి ఉండాలని కోరుకుంటూ,

భవదీయుడు,
సత్యనారాయణపురం నివాసి, విజయవాడ