ఆదివారం బుధగ్రహ బిలాల పరిశీలన

కర్నూలు ఖగోళ బృంద సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఆదివారం సాయంత్రం 5 గంటలకు, కొండారెడ్డి బురుజు సమీపంలో మనం ఎప్పుడూ కలిసే గదిలోనే బుధగ్రహ బిలాల (ఉల్కల వంటివి ఢీకొని ఏర్పడిన గోతుల) చిత్రాలను పరిశీలించబోతున్నాము. 1974, 1975 సంవత్సరాలలో మారినర్ 10 అంతరిక్ష నౌక ఆ గ్రహ ఉపరితలంలో సగానికన్నా తక్కువ భాగాన్నే చిత్రించగలిగింది. 2011 నుంచి 2015 వరకు బుధుని కక్ష్యలో తిరిగిన మెసెంజర్ నౌక దాదాపు మొత్తాన్నీ చిత్రించినందువల్ల, సుమారు 1,550 కిలోమీటర్ల వ్యాసం గల కెలోరిస్ మహాబిలాన్ని మనం పూర్తిగా చూడవచ్చు.

ప్రతి ఒక్కరూ ఒక బిలాన్ని ఎంచుకుని, దాని అంచు నుంచి అడుగు భాగంపై పడిన నీడ పొడవును కొలిచి, దానిని సూర్యుని ఎత్తు కోణపు టాంజెంటుతో గుణించి లోతును లెక్కకట్టి తీసుకురావాలి. సూర్యుడు నడినెత్తిన ఉండగా తీసిన చిత్రం ఎంత అందంగా ఉన్నా ఈ పనికి పనికిరాదు.

త్యాగరాజు పేరు గల బిలాన్ని అందరూ కోరుకుంటారని తెలుసు కనుక దానిని బడిపిల్లలకే కేటాయించాము, పెద్దలు మన్నించాలి. దాని అడుగున మెరిసే గుంటలను గుర్తించడం కూడా వారి పనే.

మీరు ఎంచుకున్న బిలం పేరును శుక్రవారం రాత్రిలోగా ఇక్కడే తెలియజేయండి. స్కేలు, కాలిక్యులేటరు మరవవద్దు.