చిలప కొస

అరేయ్ దోస్త్,

మంచిగున్నవా? మీ బాపు కొన్న ఎకరం ఇరవై గుంటల మీద కోర్టుకెక్కుతా అని రాసినవ్. వద్దనను గని, జర ఆగు.

మా కొత్తవాడల జంపఖానాల నూలుకు రంగేసి ఆరేసినంక చిలపలు, అంటే నూలు చుట్టలు, ఒక్కోసారి ఉండగట్టుకపోతయ్. కొత్తోడైతే పట్టి గుంజుతడు, ముడి ఇంకింత బిగుస్తది. మా అవ్వ రెండు చేతులకు తొడుక్కొని దులుపుతనే ఉండేది. వదులైనంక కొస దానంతట అదే బయటపడేది.

నీ భూమి సూడు. కొన్నది సాదా కాగితం మీద. అమ్మినాయన పోయిండు, విరాసత్‌ల, అంటే వారసత్వంగ, పట్టా కొడుకుల మీదికి పోయింది. దున్నేది నువ్వు, రైతుబంధు పడ్డది వాళ్ల ఖాతాల! కడుపు మండుడు నాకు ఎర్కే. గని గట్టు పంచాయితీ, పాసుపుస్తకం, మీ తమ్ముని వాటా, అన్నీ ఒక్క దాంట్లనే కలిపి రాసినవ్ సూడు, గదే నాకు నచ్చలే. గట్టు సర్వేయర్ కొలిస్తె తేలుతది. తమ్ముని వాటా పట్టా అయినంక ముచ్చట. ముందుగాల సాదా బైనామా, అంటే రిజిస్ట్రేషన్ లేని ఆ సాదా కాగితం సంగతి.

2020 అక్టోబర్ 12 నుంచి నవంబర్ 10 మధ్యల దాన్ని పక్కా జేయుమని దరఖాస్తు పెట్టినవ్ గదా, ఆ రసీదు ఏడుంది? దాన్ని పట్టుకోవాలె. ఆ యేడు అచ్చిన చట్టంల సాదా బైనామాల ఊసే లేకపాయె, సంగతి హైకోర్టుల ఆగిపాయె. 2025 ఏప్రిల్ 14 సంది భూభారతి అనే కొత్త భూముల చట్టం నడుస్తుంది, అండ్ల ఆ పాత దరఖాస్తులకు దారి ఉంది. 2014 జూన్ 2 కంటే ముందు కొని ఉండాలె, పన్నెండేండ్ల సంది కబ్జాల ఉండాలె, చిన్న, సన్నకారు రైతు అయి ఉండాలె. విచారణ ఆర్డీవో జేస్తడు. స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు నీ మీదనే. పైసలు జమచేసి పెట్టుకో.

ఇగ అమ్మినాయన కొడుకులు. "మా బాపు అమ్మలే" అని ఇప్పటిదాంక వాళ్లు ఒక్క మాట అనలే. నోటీసు అందినంక తప్పకుండ అంటరు, వకీలే అనిపిస్తడు. పెద్దోడు మొన్న పెండ్లిల నీ పక్కనే కూసొని బువ్వ తిన్నడని నువ్వే రాస్తివి! అసోంటోని మీద కేసేస్తవా?

కాగితం మీద సాక్షి సంతకం పెట్టిన కాక పరకాలల బిడ్డ దగ్గర ఉంటుండట. బతుకమ్మ కంటే ముందే రా, ఇద్దరం పోయి కలుద్దాం. పెద్దోని ఇంటికి ఆయన్నే తోలుకపోదాం. అసలు కాగితం ఇంట్లనే పెట్టు, జిరాక్సు తే.

నీ దోస్త్