2025–26 వార్షిక నివేదిక: ఇళ్ల మీద సౌర విద్యుత్తు

బరంపురంలోని మన సంఘ సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది ఏటా జరిగే పనులన్నీ జరిగాయి. ఆదివారం తెలుగు బడి సెలవుల్లో తప్ప ఆగలేదు. కార్తీక వనభోజనాలకు గోపాల్‌పూర్ వెళ్లాం. పరాభవ ఉగాదికి పంచాంగ శ్రవణం, కవి సమ్మేళనం జరిపాం. ఆడిటర్ పరిశీలించిన లెక్కలు విడిగా అందజేస్తున్నాం. కార్యవర్గం ఎక్కువ సాయంత్రాలు వెచ్చించింది మాత్రం సౌర విద్యుత్తు సహాయానికే. అందుకే ఈసారి నివేదికలో చాలా భాగం దాని గురించే రాస్తున్నాను.

కేంద్రం 2024 ఫిబ్రవరిలో ప్రారంభించిన సూర్య ఘర్ పథకం గురించి అందరూ వినే ఉంటారు. కోటి ఇళ్లకు సౌర పలకలు అందించడం దాని లక్ష్యం. మొదటి రెండు కిలోవాట్లకు కిలోవాటుకు 30,000, మూడో దానికి 18,000, మొత్తం 78,000 రూపాయలు కేంద్రం ఇస్తుంది. మూడు కిలోవాట్లకు ఒడిశా ప్రభుత్వం మరో 60,000 కలుపుతోంది. మనలో ఒడియా మాట్లాడని వారు లేరు, కానీ ఆ లిపిలో వచ్చిన ప్రకటనను చదివి అర్థం చేసుకోగల పెద్దలు తక్కువ. ఆ సందు చూసుకునే అమ్మకందార్లు మన వీధుల్లోకి వచ్చారు. "కరెంటు పూర్తిగా ఉచితం, బిల్లే రాదు" అని చెప్పి, ఒంటరిగా ఉండే మన సభ్యురాలు ఒకరి దగ్గర బయానా తీసుకున్నారు. ఆమెది రేకుల కప్పు. పలకలు బిగించడానికి అక్కడ చోటే లేదు. కార్యవర్గ సభ్యులం ముగ్గురం వెంట వెళ్లి అడిగితేనే ఆ డబ్బు వెనక్కి వచ్చింది. సహాయ కేంద్రం ఆ మర్నాడే మొదలుపెట్టాం.

సహాయ కేంద్రంలో మేం ముందుగా అడిగేది పన్నెండు నెలల బిల్లులు. ఒక కిలోవాటుకు సుమారు వంద చదరపు అడుగుల నీడ పడని డాబా కావాలి. సగటున రోజుకు నాలుగు యూనిట్లు వస్తాయి. ఆషాఢ, శ్రావణాల్లో ముసురు పట్టినప్పుడు అంత రాదు. నడి వేసవిలో పలక వేడెక్కిన కొద్దీ ఉత్పత్తి కొంత తగ్గుతుంది కూడా. మన రాష్ట్రంలో మొదటి 50 యూనిట్ల ధర దాదాపు మూడు రూపాయలు, 400 దాటితే ఆరు రూపాయల చిల్లర. కాబట్టి రెండు ఏసీలున్న ఇంటికి మిగిలేదీ, రెండు ఫ్యాన్లు, నాలుగు బల్బులు ఉన్న ఇంటికి మిగిలేదీ ఒకటి కాదు. నెలకు 300 యూనిట్లు వాడే కుటుంబానికి 1,400 రూపాయల దాకా కలిసివస్తుంది. సబ్సిడీ పోను పెట్టిన సొమ్ము నాలుగైదు ఏళ్లలో తిరిగి వస్తుందని నమ్మకంగా చెప్పగలం. నెలకు 60 యూనిట్లు వాడే ఇంటికి ఆ మాట చెప్పలేకపోయాం. అలాంటి వారిని తొందరపడవద్దని పంపించాం. అది సరైన సలహాయేనని నేను ఇప్పటికీ అనుకుంటున్నాను.

మమ్మల్ని అన్నిటికన్నా ఎక్కువ బాధపెట్టింది కాగితాల చిక్కు. పట్టు నేత కుటుంబాల్లో చాలా ఇళ్లకు మీటరు ఇంకా తాతగారి పేరునే ఉంది. తాతగారు పోయి ఇరవై ఏళ్లయినా అన్నదమ్ముల మధ్య పంపకాలు జరగలేదు. కనెక్షను ఎవరి పేరున ఉంటే దరఖాస్తు వారే చేయాలి, సబ్సిడీ వారి ఖాతాలోనే పడుతుంది. వారసత్వ ధ్రువపత్రం కోసం, మిగిలిన భాగస్తుల అంగీకార పత్రాల కోసం తిరగడంలోనే నెలలు గడిచిపోయాయి. ఒక ఇంట్లో నలుగురు అన్నదమ్ములూ మన హాల్లోనే కూర్చుని, మీటరు పెద్దన్న పేరుకు మార్చడానికి సంతకాలు చేశారు. చాలాకాలంగా మాటల్లేని వారు ఆ రోజు కలిసి టీ తాగి వెళ్లారు. అద్దె ఇళ్లలో ఉన్నవారికి మాత్రం మేం ఏమీ చేయలేకపోయాం. డాబా యజమానిది, బిల్లు కట్టేది వీరు.

మరో అపోహ గురించి కూడా రాయాలి. బ్యాటరీ లేని మామూలు నెట్ మీటరింగ్ (మిగిలిన కరెంటును వీధి లైనుకు పంపి, దాన్ని బిల్లులో తగ్గించే) ఏర్పాటులో, వీధిలో కరెంటు పోతే పట్టపగలు కూడా మన ఇంట్లో దీపం వెలగదు. లైన్ల మీద పనిచేసే సిబ్బందికి ప్రమాదం జరగకుండా, పలకల కరెంటును ఇంట్లో వాడే కరెంటుగా మార్చే ఇన్వర్టర్ తనంతట తానే ఆగిపోతుంది. 2013 అక్టోబరులో ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. 2018 అక్టోబరులో తిత్లీ వచ్చింది. ఆ చీకటి రోజులను తలచుకుని "ఇక ఆ బాధ ఉండదు కదా" అని అడిగిన తల్లులకు, ఉంటుందని చెప్పాల్సి వచ్చింది. బ్యాటరీ కావాలంటే ఖర్చు బాగా పెరుగుతుంది. అదే తుఫానును దృష్టిలో పెట్టుకుని, కింద చోటు కలిసివస్తుందని పలకలను ఎత్తైన కంబాల మీద నిలబెట్టవద్దని కోరుతున్నాం. డాబాకు దగ్గరగా, స్లాబులోకి దిగిన బోల్టులతో బిగించిన చట్రమే మన గాలికి తట్టుకుంటుంది. అమర్చిన సంస్థ అయిదేళ్లు నిర్వహణ చూడాలన్న షరతు ఉంది. ఆ కాగితం చేతికి వచ్చేదాకా చివరి వాయిదా చెల్లించకండి.

మన కల్యాణ మండపం మీద కూడా పలకలు పెట్టాలని గత సమావేశంలో తీర్మానించాం. మధ్యాహ్నం రెండు దాటితే పక్క భవనం నీడ సగం డాబాను కప్పేస్తోంది. ఒక్క పలక మీద నీడ పడినా దానితో వరుసగా కలిపిన మిగతావాటి ఉత్పత్తీ పడిపోతుంది. మండపం కనెక్షను గృహ విభాగంలోది కాదు కనుక పైన చెప్పిన సబ్సిడీ కూడా రాదు. అందువల్ల ఆ పని ఆపాం.

దాని కోసం పక్కన పెట్టిన నిధిని వడ్డీ లేని చేబదులుగా ఇవ్వాలని కార్యవర్గం ప్రతిపాదిస్తోంది. ప్రభుత్వ సొమ్ము పలకలు అమర్చి, మీటరు బిగించిన తర్వాతే ఖాతాలో పడుతుంది. ముందుగా మొత్తం పెట్టుకోలేక ఆగిపోయిన కుటుంబాలు మనలో ఉన్నాయి. బ్యాంకులు తక్కువ వడ్డీకి అప్పు ఇస్తున్నా, జీతపు చీటీ లేని నేతపనివారు అక్కడికి వెళ్లడానికే జంకుతున్నారు. సబ్సిడీ రాగానే డబ్బు తిరిగి సంఘానికి చేరుతుంది, మరో ఇంటికి వెళుతుంది. పథకం గడువు 2026–27 ఆర్థిక సంవత్సరం వరకే ఉంది కనుక దీన్ని వచ్చే ఏడాదికి వాయిదా వేయవద్దని నా మనవి.

సర్వసభ్య సమావేశంలో ఈ ప్రతిపాదన మీద చేతులెత్తి అభిప్రాయం తెలపండి. వచ్చేటప్పుడు ఏడాది కరెంటు బిల్లులు, ఇంటి పన్ను రసీదు వెంట తెచ్చుకోండి. మీటరు ఎవరి పేరున ఉందో ఇంట్లో ఒకసారి చూసి రండి.

కార్యదర్శి