చెరువు కోసం కచేరీ: మన కాలనీ సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

పోయిన ఏడు సద్దుల బతుకమ్మ రాత్రి చెరువు కట్ట దగ్గర జరిగింది మన ఆడవాళ్లెవరూ మర్చిపోలేదు. ఆడి పాడి, బతుకమ్మలను నీళ్లలో వదిలితే అవి కదల్లేదు. గుర్రపుడెక్క మీద పీట వేసినట్టు కూర్చున్నాయి. తెల్లారి వాకింగ్‌కు పోయినవాళ్లు చూస్తే తంగేడు, గునుగు వాడిపోయి ఎక్కడివక్కడే ఉన్నాయి. ఆ తర్వాతి మీటింగులో కమిటీ తిన్న తిట్లు మినిట్స్ పుస్తకంలోకి ఎక్కలేదు గానీ, ఈ ఏడాది పనంతా అక్కడి నుంచే మొదలైంది.

కచేరీ పెడదామన్నది యువకుల ఆలోచన. వినాయక చవితికి, బోనాలకు చందా అడిగీ అడిగీ మొహం చెల్లని పరిస్థితి. పాస్ పెట్టి పాట వినిపిస్తే ఇచ్చినవాళ్లకూ బాగుంటుందన్నారు. సినిమా పాటల ఆర్కెస్ట్రానా, మన పాలమూరు పాటనా అని రెండు వారాలు వాట్సాప్‌లో యుద్ధం నడిచింది. చివరికి డప్పు, పిల్లల కోలాటం, కిన్నెర ఖాయమయ్యాయి. 12 మెట్ల కిన్నెర మొగులయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చాక ఆ వాద్యం పేరు అందరికీ తెలిసింది. దగ్గర కూర్చుని విన్నవాళ్లు మాత్రం మనలో ఎంతమంది?

ఆ రోజు వచ్చిన పెద్దాయన పక్క ఊరివాడు. వెదురు కర్ర, కింద సొరబుర్రలు, మైనంతో అతికించిన మెట్లు. వాయించే ముందు ఒక్కో మెట్టునూ బొటనవేలితో నొక్కి చూసుకున్నాడు. మనవాళ్లు మైకు పెట్టగానే బాక్సులు కీచుమన్నాయి. తగ్గిస్తే వినపడదు, పెంచితే కూత. సౌండ్ అబ్బాయికి టెన్షన్ మొదలైంది. పెద్దాయన చెయ్యెత్తి, "ముందు ఆ డబ్బాలు బంద్ పెట్టుండ్రి బిడ్డా" అన్నాడు. బంద్ చేశాం. వెనక వరుసల్లోవాళ్లు కుర్చీలు వదిలి వచ్చి పట్టాల మీద కూర్చున్నారు. ఆ అరగంట కోసం అంత కిరాయి పెట్టి సౌండ్ సిస్టం ఎందుకు తెచ్చామా అని కోశాధికారి ఇప్పటికీ అడుగుతూనే ఉన్నారు. రాత్రి 10 దాటితే మైకు వాడకూడదు కాబట్టి డప్పు వాళ్లకు అనుకున్నంత సమయం ఇవ్వలేకపోయాం. వారికి క్షమాపణ చెబుతున్నాం.

ఇంకో తప్పు కూడా మనదే. చెరువును బాగుచేయడానికి పెట్టిన కచేరీలో చాయ్‌కి కాగితం కప్పులు, నీళ్లకు ప్లాస్టిక్ గ్లాసులు తెప్పించాం. అర్ధరాత్రి గాలి లేచింది. పొద్దున చూస్తే సగం గ్లాసులు గుర్రపుడెక్క మీద తేలుతున్నాయి. కమిటీ సభ్యులం ఏడుగురం మోకాలి లోతు బురదలో దిగి ఏరాం. దేశమంతా తిరిగి చెరువులు, డ్యాములు తవ్విన పాలమూరు లేబర్ వారసులం, గ్లాసులు ఏరడానికి ఆయాసపడ్డాం.

డబ్బు సంగతి. వచ్చినదాంట్లో దాదాపు సగం టెంట్‌కు, సౌండ్‌కు, జనరేటర్ డీజిల్‌కు పోయింది. మిగిలినదానితో జేసీబీ, ట్రాక్టర్లు పెట్టించి మెట్ల దగ్గర గుర్రపుడెక్క తీయించాం. ఈ ఏడు బతుకమ్మలు నీళ్ల మీద తేలుకుంటూ పోయాయి. ఆ ఫొటో చూసి పని అయిపోయిందనుకోవద్దు. ఈ మొక్కకు మురుగు నీళ్లే ఎరువు. అనుకూలంగా ఉంటే రెండు వారాల్లో రెట్టింపవుతుంది. ఇప్పటికే మెట్ల అంచుకు మళ్లీ చేరింది. పాటు కాలువ పూడిపోయి వాన నీళ్లు రావు, మన డ్రైనేజీ మాత్రం ఆగకుండా వస్తుంది. ముందు మురుగు మళ్లించాలి, కాలువ పూడిక తీయాలి, ఆ తర్వాతే కలుపు. మనం తిరగేసి చేశామని కార్యదర్శిగా నా అభిప్రాయం. మురుగు గురించి ఇచ్చిన అర్జీకి ఫైలు నడుస్తోందన్న జవాబు మూడుసార్లు వచ్చింది.

కచేరీ రోజే ఒక సభ్యుడు నవ్వులాటకు అడిగారు, ఈ స్టేజీ శిఖంలో, అంటే చెరువు నిండితే మునిగే నేలలో, లేదు కదా అని. టెంట్ మర్నాడు పీకేస్తాం కాబట్టి గొడవ లేదు. కానీ 25 ఎకరాలు దాటిన చెరువుకు ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్లు చేరే హద్దు) నుంచి 30 మీటర్లు, చిన్నదానికి 9 మీటర్లు కట్టడాలు ఉండకూడదన్నది నిబంధన. ఆ లెక్కన మన చివరి వరుస ఇళ్లు ఎటు పడతాయో తెలియాలంటే సర్వే కావాలి. హద్దురాళ్ల కోసం అర్జీ పెట్టాలని ముగ్గురు, కొరివితో తల గోక్కోవడమేనని నలుగురు అన్నారు. కమిటీ ఒక్కటే తేల్చే విషయం కాదు. సర్వసభ్య సమావేశంలో ఓటుకు పెడుతున్నాం, చివరి వరుస వాళ్లు తప్పక రావాలి.

మిగతావి: మట్టి వినాయకులు పంచాం. రక్తదాన శిబిరం జరిగింది. రెండు వీధి దీపాలు వెలిగాయి, ఒకటి మళ్లీ ఆరింది.

ఆదాయ వ్యయాల పట్టిక నోటీసు బోర్డు మీద ఉంది. కచేరీ పాసుల పుస్తకం ఒకటి ఇంకా తిరిగి రాలేదు. ఎవరి దగ్గరుందో వారికి తెలుసు, మాకూ తెలుసు. సమావేశంలోపు కోశాధికారి ఇంట్లో ఇచ్చేస్తే ఎవరూ ఏమీ అడగరు.

ఇట్లు,
కార్యదర్శి