లా విద్యార్థుల జులై కోర్సులకు హాజరు దారి చూపండి

సంపాదకుడు గారికి,

విదేశాల్లో వేసవి న్యాయశాస్త్ర కోర్సు అనగానే అందరూ ఖర్చు గురించే మాట్లాడతారు. నెల్లూరు, ఒంగోలు లా విద్యార్థులకు ఖర్చు కంటే ముందే అడ్డుపడేది హాజరు.

మన వేసవి సెలవులు మేలో. యూరప్‌లో వేసవి అంటే జులై, ఆగస్టు. నెదర్లాండ్స్‌లో 1923లో మొదలైన హేగ్ అంతర్జాతీయ న్యాయ అకాడమీ కోర్సులే చూడండి. మూడు వారాలు పబ్లిక్ ఇంటర్నేషనల్ లా (దేశాల మధ్య న్యాయం), తర్వాత మూడు వారాలు ప్రైవేట్ ఇంటర్నేషనల్ లా (వేర్వేరు దేశాల్లోని వ్యక్తుల, సంస్థల తగాదాల న్యాయం), రెండూ ఆ జులై, ఆగస్టుల్లోనే. ఇక్కడేమో తరగతులో పరీక్షలో నడుస్తుంటాయి. బార్ కౌన్సిల్ 2008 నిబంధనలు ప్రతి సబ్జెక్టులో 70 శాతం హాజరు అడుగుతాయి. సెమిస్టర్ 15 వారాలనుకుంటే మూడు వారాలకే 20 శాతం పోతుంది. జ్వరానికీ, ఇంట్లో పెళ్లికీ మిగిలేది పది శాతమే. రెండు కోర్సులూ చేస్తే 40 శాతం పోయినట్టే. పోనీ ఇంటర్న్‌షిప్ కింద చూపిద్దామా అంటే, తరగతి గది కోర్సు ఆ లెక్కలోకి రాదు.

ఇదేదో నలుగురి సరదా అనుకోవద్దు. కృష్ణపట్నం రేవు మన దగ్గరే ఉంది. చీమకుర్తి గ్రానైట్, మన రొయ్యలు సముద్రాలు దాటుతున్నాయి. రొయ్యల మీద అమెరికా 2005 నుంచి యాంటీ డంపింగ్ సుంకం (మరీ తక్కువ ధరకు అమ్ముతున్నారని వేసే అదనపు పన్ను) వేస్తోంది. ఇలాంటి తగాదాలకు అంతర్జాతీయ న్యాయం తెలిసిన లాయర్లు కావాలి. ఇంతకంటే దగ్గరి సంగతి చెబుతాను. ఫ్యామిలీ కోర్టులో భార్య కేసు వేసింది, భర్త జర్మనీలో ఉన్నాడు. సమన్లు నేరుగా రిజిస్టర్డ్ పోస్టులో పంపితే కుదరదు, ఆ పద్ధతిని జర్మనీ ఒప్పుకోలేదు. కోర్టు కాగితాలను విదేశాల్లో అందించే పద్ధతి చెప్పే 1965 హేగ్ సర్వీస్ ఒప్పందం ప్రకారం నిర్ణీత ఫారం నింపి, కాగితాలకు జర్మన్ అనువాదం జతచేసి, అక్కడ ఈ పనికి నియమించిన ప్రభుత్వ కార్యాలయం (సెంట్రల్ అథారిటీ) ద్వారా అందించాలి. అనువాదం లేదంటే కాగితాలు వెనక్కి వస్తాయి, ఆమె వాయిదాల చుట్టూ తిరుగుతుంది. ప్రైవేట్ ఇంటర్నేషనల్ లా చదువుకున్న జూనియర్ ఒక్కరుంటే ఆమెకు ఆ తిప్పలు తప్పేవి.

ఏజెంట్లు ‘అమెరికన్ క్రెడిట్లు’ అని ఊరిస్తుంటారు. అమెరికా లా స్కూళ్లు యూరప్‌లో నడిపే వేసవి కోర్సులకు క్రెడిట్లు ఉన్న మాట నిజమే, కానీ అవి వాళ్ల డిగ్రీ కోసం. మన యూనివర్సిటీ ముందే రాతపూర్వకంగా ఒప్పుకుంటే తప్ప ఇక్కడి మార్కుల మెమోలో చేరవు. డబ్బు కట్టకముందే ఆ కాగితం అడగాలి.

వీసా దగ్గరా ఆలస్యమే ముంచుతుంది. చాలా యూరప్ దేశాలకు ఉమ్మడిగా పనిచేసే షెంగెన్ వీసాకు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు చేయవచ్చు. మామూలుగా 15 రోజుల్లో తేలుతుంది, ఒక్కోసారి 45 రోజులు పడుతుంది. వేసవిలో స్లాట్లు దొరకవు కాబట్టి ఏప్రిల్‌లోనే పెట్టాలి. కనీసం 30,000 యూరోల వైద్య బీమా ఉండాలి. తిరస్కరిస్తే ఫీజు వెనక్కి రాదు. విద్యార్థి తిరిగొచ్చి చదువు కొనసాగిస్తాడని కాలేజీ ఇచ్చే లేఖకు ఇక్కడ చాలా విలువ ఉంటుంది. అది చేతికందేసరికి పుణ్యకాలం కాస్తా గడిచిపోతోంది.

అంత ఖర్చు భరించలేని వారికి ఢిల్లీలోని ఇండియన్ సొసైటీ ఆఫ్ ఇంటర్నేషనల్ లా వేసవి కోర్సు ఉంది. ఐక్యరాజ్యసమితి ఆన్‌లైన్ ఆడియోవిజువల్ లైబ్రరీలో పెద్ద పెద్ద న్యాయకోవిదుల ఉపన్యాసాలు ఉచితం. వీటి గురించి మన కాలేజీల నోటీసు బోర్డుల్లో ఒక్క ముక్క కనబడదు.

హాజరు తగ్గిందని లా విద్యార్థుల పరీక్షలు ఆపొద్దని, నిబంధనలను మళ్లీ పరిశీలించాలని 2025 నవంబరులో ఢిల్లీ హైకోర్టు చెప్పింది. అది తేలేదాకా మన విశ్వవిద్యాలయాలు చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. అన్ని సబ్జెక్టుల్లో కలిపి హాజరు 70 శాతం ఉంటే, కారణం రాసి ఒక సబ్జెక్టులో 65 శాతం దాకా సడలించే అధికారం ఇప్పటికే ఉంది. వేసవి కోర్సు సర్టిఫికెట్ తెచ్చినవారికి ఆ అధికారాన్ని వాడాలి, పోయిన పాఠాలకు అదనపు తరగతులు పెట్టాలి. జూన్, జులై పరీక్షల తేదీలు జనవరిలోనే ప్రకటించాలి. వీసా లేఖకు ఒక నమూనా తయారుచేసి, అడిగిన వారంలోగా ఇవ్వాలని ప్రిన్సిపాళ్లకు సర్క్యులర్ పంపాలి.

– ఒక న్యాయశాస్త్ర అధ్యాపకుడు, నెల్లూరు