ఒక్క రోజు మానితే ఏమవుతుంది?

ప్రియమైన తల్లిదండ్రులకు నమస్కారం.

ఈ నెల కార్యక్రమాల వివరాలు లోపలి పేజీల్లో ఉన్నాయి. ఈ పేజీ మాత్రం ఒకే విషయానికి కేటాయించాను. చిన్న క్లాసుల పిల్లలు రోజూ బడికి రావడం, వచ్చేది టైముకి రావడం.

"చిన్న క్లాసే కదండీ, ఒక్క రోజు మానితే ఏమవుతుంది?" అని చాలామంది అడుగుతుంటారు. నిజంగా ఒక్క రోజే అయితే ఏమీ కాదు. కానీ ఒకసారి ప్రయాణం ఆలస్యమైందని, ఇంకోసారి రాత్రి పడుకునేసరికి పొద్దుపోయిందని, మరోసారి ఇంటికి చుట్టాలొచ్చారని నెలకు రెండు రోజులు ఇట్టే పోతాయి. పది నెలలకు ఇరవై. బడి ఏడాదికి 200 రోజులు నడుస్తుందనుకుంటే అందులో పదో వంతు అన్నమాట. పిల్లల చదువు దెబ్బతినే స్థాయి గైర్హాజరు అని చాలా చోట్ల విద్యాశాఖలు గీత గీసేది సరిగ్గా ఈ 10 శాతం దగ్గరే. పిల్లవాడు ఎప్పుడూ వరసగా మానింది లేదు కాబట్టి ఇంట్లో ఎవరికీ ఆ సంగతి తెలియదు. హాజరు పట్టీ చూసినప్పుడే బయటపడుతుంది.

పెద్ద క్లాసుల్లో ఒక పాఠం పోతే స్నేహితుడి నోట్సు చూసి రాసుకోవచ్చు. చిన్న క్లాసుల్లో రాసుకోవడానికి నోట్సంటూ ఉండదు. అక్కడ చదువంతా చేతులతో, నోటితో జరుగుతుంది. 42లోంచి 17 తీసెయ్యడం నేర్పే రోజునే తీసుకోండి. రెండులోంచి ఏడు పోదు. టీచరు బల్ల మీద పదేసి పుల్లల కట్టలు నాలుగు, విడి పుల్లలు రెండు పెడతారు. పిల్లలు ఒక కట్టకున్న రబ్బరు బ్యాండు లాగేసి, ఆ పదిని విడి పుల్లల్లో కలుపుతారు. ఇప్పుడు పన్నెండు ఉన్నాయి, ఏడు తీసెయ్యొచ్చు. మిగిలినవి ఐదు. కట్టలు మూడే ఉన్నాయి, ఒకటి తీస్తే రెండు. మొత్తం 25. ఆ రోజు రాని పాప మర్నాడు వచ్చి చూస్తే, బోర్డు మీద 4 కొట్టేసి పైన 3 వేసి ఉంటుంది. ఎందుకు కొట్టేశారో తెలియదు. అడగడానికి సిగ్గు. దాంతో తనకు తోచిన దారి పడుతుంది. ఏడులోంచి రెండు తీసేసి ఐదు, నాలుగులోంచి ఒకటి తీసేసి మూడు, మొత్తం 35 అని రాస్తుంది. ఆ తప్పు ఒకసారి అలవాటైతే మాన్పించడానికి ఒక్క రోజు చాలదు.

ఆలస్యం సంగతి ఇంకోలా ఉంటుంది. రోజూ పది నిమిషాల ఆలస్యం అంటే ఏడాదికి 2000 నిమిషాలు, 33 గంటల పైమాటే. రోజుకు ఐదు గంటల చదువు లెక్కన ఆరు రోజులకు మించి పోయినట్టు. అయితే నన్ను ఎక్కువ బాధపెట్టేది ఈ లెక్క కాదు. ఆ మొదటి పది నిమిషాల్లోనే ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలో తేలుతుంది, ఇవాళ ఏం చేయబోతున్నామో టీచరు చెబుతారు, నిన్నటి కబుర్లు అయిపోతాయి. అవన్నీ అయ్యాక ఒక బాబు తలుపు దగ్గరికొచ్చి, బ్యాగు పట్టీ రెండు చేతులతో పట్టుకుని నిలబడతాడు. క్లాసంతా ఒక్కసారి తల తిప్పి చూస్తుంది. వాడు తన చోటికి వెళ్లి కూర్చున్నా, మనసు కుదుటపడేసరికి మొదటి పీరియడ్ అయిపోతుంది.

అందులో వాడి తప్పేముంది? ఐదేళ్ల పిల్లవాడు అలారం పెట్టుకోడు, బండి నడపడు. అందుకే ఆలస్యంగా వచ్చిన చిన్నపిల్లల్ని బయట నిలబెట్టొద్దని, ఎందుకు లేటయిందని అందరి ముందూ అడగొద్దని టీచర్లకు చెప్పాను. అడగాల్సి వస్తే మిమ్మల్నే అడుగుతాం, ఏమనుకోకండి.

పొద్దుటి హడావిడికి మందు ముందు రోజు రాత్రే వెయ్యాలి. మూడు నుంచి ఐదేళ్ల పిల్లలకు పగటి కునుకుతో కలిపి 10 నుంచి 13 గంటలు, ఆరు నుంచి పన్నెండేళ్ల వాళ్లకు 9 నుంచి 12 గంటలు నిద్ర కావాలని వైద్యులు చెబుతారు. పొద్దున ఆరున్నరకు లేవాల్సిన ఐదేళ్ల పాప రాత్రి ఎనిమిదికల్లా పక్క ఎక్కితేనే పదిన్నర గంటలు పడతాయి. మనం పదింటికి టీవీ కట్టేసి, పొద్దున్నే దుప్పటి లాగుతూ "లేవవేం?" అంటే ఎలా? పడుకునే ముందు గంటసేపు ఫోను, టీవీ లేకుండా చూడండి. సెలవు రోజుల్లో కూడా నిద్ర వేళ మరీ మారిపోకుండా చూసుకుంటే, సెలవు మర్నాటి పేచీ చాలావరకు తగ్గుతుంది.

బ్యాగు, యూనిఫాం, షూలు, ముఖ్యంగా రెండో సాక్సు, రాత్రే ఒకచోట పెట్టించండి. పిల్లల చేతే పెట్టించండి. ఇంకో మాట. "ఐదు నిమిషాల్లో రెడీ అవ్వు" అంటే ఈ వయసు పిల్లలకు ఏమీ అర్థం కాదు. నిమిషాలు వాళ్లకు తెలియవు గానీ వరస తెలుస్తుంది. పళ్లు తోముకోవడం, స్నానం, బట్టలు, టిఫిన్, షూలు అని వరసగా బొమ్మలు గీసి గోడకు అంటించండి. బొమ్మలు ఎంత వంకరగా ఉన్నా ఫర్వాలేదు, వాళ్లే గీస్తే మరీ మంచిది.

ఒంట్లో బాగోకపోతే మాత్రం పంపకండి. జ్వరం వస్తే, మందు వేయకుండానే 24 గంటలు జ్వరం లేదని తేలాక పంపండి. వాంతులు, విరేచనాలైతే పూర్తిగా ఆగాక 48 గంటలు ఇంట్లోనే ఉంచండి. జ్వరం లేని మామూలు జలుబుకు, పిల్లవాడు హుషారుగా ఉంటే, బడి మాన్పించనక్కర్లేదు. నూరు శాతం హాజరుకు సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతిని చిన్న క్లాసులకు తీసేశాం. జబ్బు చేయకపోవడం ఎవరి ఘనతా కాదు. పైగా ఆ కాగితం కోసం జ్వరంతో బడికొచ్చిన పిల్లలు పక్కవాళ్లకు అంటించడం తప్ప ఒరిగేదేమీ లేదు.

పొద్దున్నే కడుపునొప్పి అని, పదింటికల్లా తగ్గిపోయి, సెలవు రోజున అసలు రాని నొప్పి గురించి కూడా చెప్పాలి. దాన్ని దొంగ నొప్పి అని కొట్టిపారేయకండి. బెంగతో, టెన్షన్‌తో పిల్లలకు నిజంగానే కడుపు నొప్పెడుతుంది. ముందు డాక్టరుకు చూపించండి. జబ్బేమీ లేదని తేలితే నెమ్మదిగా కూపీ లాగండి. పక్కనెవరైనా గిల్లుతున్నారా, ఏడిపిస్తున్నారా, బాత్రూమ్‌కు వెళ్లడానికి భయమా, బస్సులో ఇబ్బందా? ఏది తెలిసినా క్లాస్ టీచరుకు చెప్పండి, మిగతాది మేం చూసుకుంటాం. బెంగపడుతోందని ఇంట్లోనే ఉంచి కార్టూన్లు పెడితే, మర్నాడు బడి ఇంకా పెద్ద భూతంలా కనిపిస్తుంది. గేటు దగ్గర ఏడ్చే పిల్లలకు చెప్పకుండా జారుకోకండి. అలాగని పావుగంట బుజ్జగిస్తూ నిలబడకండి. "చివరి గంట కొట్టగానే ఇక్కడే ఉంటా" అని చెప్పి, ముద్దుపెట్టి వెళ్లిపోండి. ఆ మాట తప్పకుండా గంట కొట్టే వేళకు అక్కడ ఉండండి.

డ్యూటీ షిఫ్టులు మారడం, ఇంట్లో పసిబిడ్డ ఉండటం, పెద్దవాళ్లకు ఒంట్లో బాగోకపోవడం వంటి కారణాలతో టైముకి దింపడం కష్టమవుతుంటే మొహమాటపడకుండా వచ్చి మాట్లాడండి. సెలవుల పట్టిక ఈ వార్తాలేఖ చివరి పేజీలో ఉంది. ప్రయాణాల టికెట్లు కొనే ముందు ఒకసారి అది చూడండి.

పిల్లలు రాని రోజున, కారణం ఏదైనా సరే, మొదటి గంట కొట్టేలోపు ఆఫీసుకు ఒక మెసేజ్ పెట్టండి. మెసేజ్ లేకుండా ఎవరైనా రాకపోతే మేమే ఫోన్ చేస్తాం. ఇంటి నుంచి బయల్దేరిన బిడ్డ బడికి చేరలేదేమో అన్న అనుమానం ముందు తీరాలి కాబట్టి, మీరు ఎంత పనిలో ఉన్నా ఆ ఫోన్ మాత్రం ఎత్తండి.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు